తువ్వాలు కింద మాట

నాకు చెవుడు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ గొడవ వదిలిపోతుంది. పుట్టు చెవుడు కాదు. యాభై దాటేదాకా నాకూ అందరిలాగే వినపడింది. ముందు ఎడమ చెవి పోయింది. కుడిది ఉందిగదా అని ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. తర్వాత ఒక ఎండాకాలం జ్వరమొచ్చి, ఇరవై రోజులు మంచం పట్టి లేచేసరికి రెండోదీ పోయింది. మాట మాత్రం మిగిలింది. నా గొంతు నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకు తెలియదు. బస్సులో నేను టిక్కెట్టు అడిగితే వెనక సీట్లో నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చుంటారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఒక సామెత ఉంది కదా. దాన్ని నా ఎదురుగానే ఎంతమంది అన్నారో లెక్కలేదు. పెదాల మీద మాట నాకు కనపడదనుకుంటారు, పిచ్చోళ్ళు. కొత్తవాళ్ళ పెదాలు కష్టం గానీ, ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే నేను సగానికి సగం పట్టేస్తాను. అన్నిటికంటే ఎక్కువగా చూసిన మాట ఒకటుంది: "ఏం లేదులే." ఇంట్లో కొడుకూ కోడలూ అన్నాల దగ్గర ఏదో చెప్పుకుని నవ్వుతారు. ఏంట్రా అది అంటాను. "ఏం లేదులే నాన్నా" అంటాడు. వాడు చెడ్డవాడు కాదు. ప్రతి మాటా మళ్ళీ నా మొహంలోకి చూసి విడివిడిగా చెప్పాలంటే అన్నం చల్లారిపోతుంది. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ చల్లార్చుకుని మరీ చెప్పేది. ఆవిడ పోయాక నేను కంచంలోకి చూసుకుంటూ తినేసి లేస్తాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. రైతులు తెచ్చిన మిరపకాయల బస్తాల్ని కొనడానికి వ్యాపారుల మనుషులు వచ్చేవాళ్ళు. రైతు తరఫున బేరం ఆడేది నేను. ఆ బేరం నోటితో కాదు. నా చెయ్యీ కొనేవాడి చెయ్యీ ఒక తువ్వాలు కిందకి పోయేవి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, ఐదు వేళ్ళూ కలిపి గుప్పెట్లో పట్టుకుంటే ఐదు. కణుపు మీద నొక్కితే అర. అరచేతిలో గోటితో గీస్తే, కుదరదు పోవయ్యా అని. చుట్టూ పదిమంది నిలబడినా తువ్వాలు కింద ఏం జరిగిందో ఎవడికీ తెలియదు. మేమిద్దరం మాత్రం ఏమీ ఎరగనట్టు రేకుల కప్పు వైపు చూస్తూ నిలబడేవాళ్ళం. మొదటిసారి వచ్చిన రైతులు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు.

ఆ కొనేవాళ్ళలో ఒకడు మా సాయిబు. ఒక వ్యాపారి తరఫున కాయ చూసేవాడు. వాడికి అక్షరం ముక్క రాదు, అంకెలు మాత్రమే వచ్చు. కాయ విరిచి వాసన చూశాడంటే అది ఏ నేలలో పండిందో, ఎన్ని తడులు పెట్టారో చెప్పేసేవాడు. ముప్ఫై ఏళ్ళలో వాడి చెయ్యి నా చేతిలో ఉన్నంతసేపు మా ఆవిడ చెయ్యి కూడా ఉండి ఉండదు. వాడు తక్కువ ధరకి కొట్టేద్దామని చూసేటప్పుడు వాడి బొటనవేలు చల్లబడేది. నాకది తెలుసని వాడికీ తెలుసు. అయినా మానేవాడు కాదు, దొంగసచ్చినోడు.

నా చెవులు పోయాక యార్డులో అందరూ, ఇక గుమాస్తా పని అయిపోయింది అనుకున్నారు. అయిపోలేదు. ఆ పనికి చెవులతో అవసరమేముంది? ఇంకో ఆరేళ్ళు అలాగే చేశాను. ఇంట్లో చెవిటివాణ్ణి, తువ్వాలు కింద మాత్రం కాదు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ధర తెర మీద పడుతుంది, తువ్వాళ్ళు భుజాల మీదకి వెళ్ళిపోయాయి. రైతుకి మంచిదన్నారు. మంచిదే అయి ఉంటుంది, నేను కాదనను. నేనూ సాయిబూ ఒకే ఏడాది పని మానేసి ఇళ్ళకి వచ్చేశాం.

మా ఇద్దరిదీ ఒకే ఊరు, గుంటూరు నుంచి పర్చూరు పోయే దారిలో. ఊరి చివర కోల్డ్ స్టోరేజీ ఉంది. దానికెదురుగా టీ కొట్టు, కొట్టు పక్కన ఒక సిమెంటు బల్ల. రోజూ సాయంత్రం నమాజు అవగానే సాయిబు ఆ బల్ల దగ్గరికి వస్తాడు. వాడు నోటితో ఏమన్నా నాకు తెలియదు. గడ్డమూ మీసమూ ఏకమైపోయి నోరెక్కడుందో కూడా కనపడదు. మీసమన్నా కత్తిరించుకోరా అంటే వినడు. అందుకని భుజం మీద తువ్వాలు తీసి ఇద్దరి ఒళ్ళోకీ పరుస్తాడు. కిందనుంచి చెయ్యి ఇస్తాడు. దాచుకోవాల్సిందేమీ లేదు గానీ, తువ్వాలు లేకుండా చెయ్యి పట్టుకోవాలంటే ఇద్దరికీ సిగ్గు.

యార్డు గుర్తులు తప్ప మాకింకేం రావు. వాటితోనే నెట్టుకొచ్చాం. రెండు వేళ్ళు తడితే రెండు టీలు చెప్పమని. అరచేతిలో గీస్తే, ఆ వచ్చేవాడు మంచోడు కాదని. చెయ్యి బిగిస్తే నిన్నెవరో వెనకనుంచి పిలుస్తున్నారని. కిందకి లాగితే ఏదో పడిపోయింది చూసుకోమని. యార్డులో మచ్చు కాయలు కాళ్ళ కింద పడిపోతే అలాగే లాగి చెప్పుకునేవాళ్ళం. లోకంలో ఎవరు నన్ను పిలిచినా నాకు తెలిసేది వాడి చేతిలోంచే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చివరికి నా కొంప ముంచింది ఆ చెయ్యే.

పని మానేసిన ఏడు నేను వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్టుకి వెళ్ళాను, పింఛను కోసం. చెవుల్లో ఏవో పెట్టి చూశారు, మందులు రాశారు, కాగితం ఇచ్చారు. అందులో చివర ఒక గడి ఉంది. ఆ గడిలో తాత్కాలికం అనీ, 5 ఏళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షకి రావాలనీ రాసుంది. మా ఊళ్ళో ఒక కాలు లేని పెద్దాయన ఉండేవాడు. ఆయన ఆ కాగితం చూసి, "ఐదేళ్ళలో చెవులు మళ్ళీ మొలుస్తాయేమో చూస్తార్రా" అని పగలబడి నవ్వాడు.

నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు చాలా బాగుంది. తాత్కాలికం. అంత చదువుకున్న డాక్టరు, ఈ మనిషికి ఎప్పటికీ ఇంతే అని రాయకుండా, ఐదేళ్ళకి చూద్దాం అని రాశాడంటే ఏదో తెలిసే రాసి ఉంటాడనుకున్నాను. అది అందరికీ రాసే మాటేనని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. అడిగితే పోతుందేమో అని భయం. పొద్దున్నే లేవగానే చెవిని దిండుకేసి రుద్ది, గరగరమని ఏమైనా వస్తుందేమో చూసేవాణ్ణి. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయిబుకి చెప్పాను. వాడు కాగితం తీసుకుని అక్షరాలన్నీ వదిలేసి, ఆ గడిలో ఉన్న 5 అంకె మీద వేలు పెట్టాడు. అప్పటినుంచి ఏటా, కొత్త కాయ లారీలు కోల్డ్ స్టోరేజీ ముందు బారులు తీరే రోజుల్లో, తువ్వాలు కింద నా వేలు ఒకటి మడిచేవాడు. ఒక ఏడు అయింది. రెండయ్యాయి. ఇంకా మూడున్నాయి అన్నట్టు మిగిలిన వేళ్ళని తట్టేవాడు.

పింఛను సంగతి కూడా చెప్పాలి. నా కొడుకు నాకు తిండికీ బట్టకీ లోటు చెయ్యడు. కానీ నా పేరు మీద, నా చేతికి, నాకోసమే వచ్చేది అదొక్కటే. ప్రతి నెలా ఒకటో తారీకు పొద్దున్నే మా ఊరి సచివాలయంలో పనిచేసే అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చేది. నా మొహంలోకి చూసి, ఒక్కో మాటా విడదీసి, "తాతయ్యా, బాగున్నారా? టిఫిన్ చేశారా?" అనేది. నెల మొత్తంలో మా గడపలోకి నాకోసం వచ్చే మనిషి ఆ పిల్లే. ఆరోజు నేను తెల్లచొక్కా వేసుకుని కూర్చునేవాణ్ణి. కోడలు చూసి నవ్వుకునేది, నవ్వుకోనీ. సాయంత్రం బల్ల మీద టీలు కూడా నా పింఛనులోంచే. సాయిబు ఇస్తానంటే అరచేతిలో గీకేవాణ్ణి.

ఐదో వేలు మడిచిన ఏడు నోటీసు వచ్చింది, తిరిగి పరీక్షకి రమ్మని. పత్తి తీతలు మొదలయ్యాయి, కొడుక్కి కుదరదు. సాయిబు వస్తానన్నాడు. ఏ ఊరి ఆసుపత్రో చెప్పను, చెప్పి ఏం లాభం. వరండా నిండా జనం. కర్రలవాళ్ళు, కళ్ళు లేనివాళ్ళు, భుజాన మోసుకొచ్చినవాళ్ళు. మధ్యాహ్నం దాకా నేల మీద కూర్చున్నాం. ఆరోజు మిషను పరీక్షలు లేవు. పాత కాగితాలు చూసి, మనిషిని ఒకసారి చూసి రాసే రోజు. ఆ డాక్టరుని నేనేం తిట్టను. చెవుడు లేకుండానే ఉందని వచ్చినవాళ్ళు ఆ పొద్దున్నే ఇద్దరు దొరికారట. ఆయన మొహంలో విసుగు గదిలోకి అడుగుపెట్టగానే కనపడింది.

నన్ను స్టూలు మీద కూర్చోమన్నారు. పక్క స్టూలు మీద సాయిబు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ వాడు తువ్వాలు పరిచాడు, నేను చెయ్యి ఇచ్చాను. డాక్టరు నా పాత కాగితం చూశాడు, ఏదో అడిగాడు, నేను చెవి చూపించి వినపడదండీ అన్నాను. గట్టిగానే అని ఉంటాను, నర్సు ఉలిక్కిపడింది. ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతూ నా వెనక్కి పోయాడు.

ఉన్నట్టుండి సాయిబు నా చేతిని కిందకి లాగాడు.

ఏదో పడిపోయింది చూసుకో అని. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆలోచించనిస్తుందా? నేను స్టూలు మీద గిర్రున తిరిగి నేల మీద వెతికాను. వంగి స్టూలు కింద కూడా చూశాను. తలెత్తేసరికి నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. డాక్టరు నా ముందుకొచ్చి నిలబడి, నాకు చక్కగా కనపడేట్టు అన్నాడు: "జేబులోంచి డబ్బులు పడ్డాయంటే వినపడిందే, తాతా!"

ఆయన వెనకనుంచి అన్నది అదీ. సాయిబు నిజంగానే నా డబ్బులు పడిపోయాయనుకున్నాడు, వెర్రిబాగులోడు. నేను అరిచాను. నాకు వినపడలేదండీ, వీడి చెయ్యి చెప్పిందండీ అన్నాను. చెప్పేకొద్దీ అధ్వాన్నమైపోయింది. "చెయ్యి చెప్పిందా?" అని డాక్టరు నర్సు వైపు చూశాడు. తువ్వాలు ఎత్తి మా చేతులు చూపించాను. యార్డు బేరం సంగతి చెప్పబోయాను. ఆయన అప్పటికే కాగితం మీద రాస్తున్నాడు. సాయిబు లేచి రెండు చేతులూ జోడించి గడ్డం ఊపుతూ ఏదేదో చెప్పాడు. వాడేం చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు. తర్వాతి మనిషిని పిలిచేశారు.

బయట మెట్ల మీద సాయిబు కూలబడ్డాడు. నాకిచ్చిన చేతిని రెండో చేత్తో ఫెడీ ఫెడీమని కొట్టుకున్నాడు. ఆపరా అని నేను పట్టుకోబోతే చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. తిరుగు బస్సులో నా పక్కన సీటు ఖాళీగానే ఉంది. వాడు మూడు వరసలు ముందు కూర్చుని దారంతా కిటికీలోంచి చూశాడు.

కాగితం వచ్చింది. శాతం తగ్గించి రాశారు, పింఛను ఆగిపోయింది. సచివాలయం అమ్మాయి ఫోనులో చూపించి, "అప్పీలు పెడదాం తాతయ్యా, మిషను పరీక్ష చేయమని అడుగుదాం" అంది. పెట్టింది కూడా, పాపం. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదంది. ఆ తర్వాత ఒకటో తారీకున తెల్లచొక్కా వేసుకోలేదు గానీ, గుమ్మంలో కూర్చున్నాను. ఆ పిల్ల మా ఇల్లు దాటి పక్కింటికి వెళ్ళింది. నన్ను చూసి తల వంచుకుంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది.

ఊళ్ళో మాట పాకింది. చెవిటాయనకి వినపడుతుందంట! ఇన్నాళ్ళూ నా మీద జాలిపడ్డవాళ్ళు నాకు పరీక్షలు పెట్టడం మొదలెట్టారు. నడుస్తుంటే వెనకనుంచి నా పేరు పిలిచి, తిరుగుతానేమో చూసేవాళ్ళు. అలా పిలిచారని నాకెలా తెలుసంటారా? ఎదురుగా వచ్చేవాళ్ళు నా వెనక్కి చూసి నవ్వేవాళ్ళు. ఒకరోజు ఒక ట్రాక్టరు నా మడమకి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి బూతులు తిట్టాడు. వినపడీ తప్పుకోలేదని వాడి కోపం.

ఇంట్లో ఇంకో తమాషా. మా కోడలు నా ముందు మాట్లాడటం మానేసింది. నేను వసారాలో కూర్చుంటే ఫోను పట్టుకుని పెరట్లోకి పోయేది. అన్నాల దగ్గర ఇద్దరూ నోరు మెదపకుండా తినేవాళ్ళు. దొంగకి తేలు కుట్టినట్టు ఏంటీ వాలకం అనుకున్నాను. నాలుగు రోజులకి అర్థమైంది. ఇన్నేళ్ళూ తను నా గురించి అన్న మాటలన్నీ నేను విన్నానేమో అని ఆ పిల్ల భయం. పిచ్చిదానా, నాకు వినపడి ఉంటే నీతో పోట్లాడేవాణ్ణి కదా, ఈ ఇంట్లో కాస్త సందడన్నా ఉండేది అనాలనిపించింది. అనలేదు. ముందు "ఏం లేదులే" అన్నా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

సాయిబు మూడు వారాలు బల్ల దగ్గరికి రాలేదు. నేను రోజూ పోయి కూర్చుని, ఒక టీ తాగి, వచ్చేసేవాణ్ణి. తర్వాత ఒకనాడు వచ్చాడు. బల్లకి ఆ చివర కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది, చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. ఏరా అన్నాను. తల ఊపాడు. చెయ్యి ఇవ్వరా అన్నాను. కళ్ళతో టీ కొట్టు వైపు చూపించాడు. అక్కడొకడు ఫోను మా వైపు పెట్టి ఉన్నాడు. మమ్మల్ని తీస్తున్నాడో, వాడి గోల వాడు చూసుకుంటున్నాడో దేవుడికి తెలియాలి. సాయిబు మనసులో మాత్రం ఒకటే పడిపోయింది: మేం చెయ్యి పట్టుకుని మాట్లాడుకోవడం ఎవరైనా చూసి పైకి చెబితే, నా అప్పీలు కూడా పోతుంది.

ఛీ, భయపడకురా అన్నాను. బతిమాలాను. తిట్టాను. రోడ్డు మీద అందరూ తిరిగి చూసేట్టు తిట్టి ఉంటాను. వాడు కదల్లేదు. రోజూ వచ్చేవాడు, ఆ చివర కూర్చునేవాడు, పొద్దుగూకేదాకా ఉండి వెళ్ళిపోయేవాడు. గడ్డం వెనక ఎప్పుడైనా నోరు కదిలేది. ఆ మాటలు నాకు చేరేవి కావు. కొత్త కాయ వచ్చింది, లారీలు బారులు తీరాయి, ఘాటుకి డ్రైవర్లు తుమ్ముతూ దగ్గుతూ ఉన్నారు. ఏటా ఆ రోజుల్లోనే వాడు నా వేలు మడిచేవాడు. చెవులు పోయిన రోజున కూడా నేను ఇంత ఒంటరిగా లేను. ఉన్న ఒక్క కిటికీ మూసేసి, లోపల గడియ పెట్టుకుని, అవతల వాడూ ఇవతల నేనూ కూర్చున్నాం.

అప్పీలు పరీక్షకి పిలుపు రావడానికి ఏడాది దగ్గర పట్టింది. ఈసారి పెద్ద మిషను. నా కొడుకు పని మానుకుని వచ్చాడు. నువ్వు బయటే ఉండు, లోపలికి రావొద్దు అన్నాను. పక్కన మనిషి ఉంటే ఏమవుతుందో నేను చూశాను. చిన్న గదిలో నన్ను మంచం మీద పడుకోబెట్టి, తలకీ చెవుల వెనకా తీగలు అంటించారు. ఒకమ్మాయి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది: మీరేం చెయ్యక్కర్లేదు, కదలకుండా ఉంటే చాలు, నిద్రపోయినా పర్వాలేదు. చప్పుడు చెవిలోకి పోతే లోపల నరం పలుకుతుందో లేదో మిషనే చూసుకుంటుందట. లైటు తీసేసి తలుపు వేసింది.

చేతులు రెండూ పక్కన పెట్టుకుని పడుకున్నాను. ఎవరూ లాగేవాళ్ళు లేరు, నొక్కేవాళ్ళు లేరు. ఇప్పుడు ఒక సిగ్గుమాలిన సంగతి చెబుతాను. నేను వచ్చింది వినపడదని నిరూపించుకోడానికి. అది నిరూపణ అయితేనే పింఛను, అయితేనే ఊళ్ళో తలెత్తుకోవడం, అయితేనే సాయిబు చెయ్యి. అయినా ఆ చీకట్లో నేను ఏం చేశానో తెలుసా? వినడానికి ప్రయత్నించాను. ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించి, ఒక్క టిక్కు, ఒక్క గరగర, దూరంగా ఒక్క ఈల, ఏదైనా వస్తుందేమో అని. నాకు తెలియకపోయినా మిషనుకి తెలుస్తుందేమో, లోపల ఎక్కడో ఒక నరం ఇంకా పలుకుతోందేమో. ఐదేళ్ళు దాచుకున్న ఆశ. దొంగ అన్నా పర్వాలేదు, పింఛను పోయినా పర్వాలేదు, కాస్త వినపడితే బాగుండు దేవుడా అనుకున్నాను.

ఎంతసేపైందో తెలియదు. కాలి బొటనవేలు ఎవరో పట్టుకుని ఊపితే ఉలిక్కిపడ్డాను. లైటు వేసే ఉంది, ఆ అమ్మాయి నిలబడి ఉంది. అయిపోయింది లేవండి అని తలుపు దగ్గర్నుంచి నాలుగైదుసార్లు పిలిచిందట. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ చూపుతోనే ఫలితం నాకు తెలిసిపోయింది.

అక్కడున్న డాక్టరమ్మ పెద్దావిడ, మంచి మనిషి. కంప్యూటరు తెర నా వైపు తిప్పి చూపించింది. గీతలు ఎక్కడా లేవకుండా తిన్నగా సాగిపోయాయి. కొత్త కాగితం రాసింది. పలక తీసుకుని, "శాశ్వతం అని రాశాను. ఇక మీరు పరీక్షలకి తిరగక్కర్లేదు పెద్దాయనా" అని రాసి నవ్వింది. నన్ను సంతోషపెట్టాననుకుంది. నేను దణ్ణం పెట్టాను. గెలిచాను. కొడుకు నా భుజం మీద చెయ్యి వేసి, "అయిపోయింది నాన్నా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకున్నాడు వాడు, అనుకోనీలే అని ఊరుకున్నాను.

ఆ సాయంత్రమే కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి పోయాను. సాయిబు అప్పటికే ఆ చివర కూర్చుని ఉన్నాడు, చేతులు చంకల్లో. కాగితం వాడి ఒళ్ళో పెట్టాను. విప్పాడు. అంకెలు చాలా ఉన్నాయి అందులో, తేదీలూ నంబర్లూ శాతమూ. వాడు వాటి జోలికి పోకుండా తిన్నగా ఆ చివరి గడి దగ్గరికి వెళ్ళాడు. వెనకటి కాగితంలో 5 ఉన్న చోటు వాడికి బాగా గుర్తు. ఇప్పుడక్కడ అంకె లేదు, అక్షరాలే ఉన్నాయి. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు. గడ్డం పైకెత్తి నా వైపు చూశాడు, ఎన్నేళ్ళురా అన్నట్టు.

నోటితో చెప్పొచ్చు. కానీ నేను చెబితే రోడ్డవతల హమాలీలక్కూడా వినపడుతుంది. ఆ మాటని అంత గట్టిగా అనడం నాకిష్టం లేకపోయింది. జరిగి వాడి పక్కన కూర్చున్నాను. వాడి భుజం మీద తువ్వాలు నేనే లాగి ఇద్దరి ఒళ్ళోకీ పరిచాను. చెయ్యి కిందకి పెట్టి ఆగాను. సాయిబు రోడ్డుకి అటు చూశాడు, ఇటు చూశాడు, టీ కొట్టు వైపు చూశాడు. చాలాసేపటికి వాడి చెయ్యి వచ్చింది. ఏడాదిలో ఎంత సన్నబడిపోయిందో.

ఎన్నేళ్ళు అని చెప్పాలి. ఒక వేలు పట్టుకున్నాను, వదిలేశాను. రెండు పట్టుకున్నాను, వదిలేశాను. ఎప్పటికీ అని చెప్పడానికి మా యార్డులో గుర్తు లేదు. దానితో ఎవరికి పనిపడింది గనక? ఏ బేరమైనా అంకె తెలియగానే చెయ్యి వదిలేసేవాళ్ళం. ఇక ఐదు వేళ్ళూ కలిపి గుప్పెట్లో పట్టుకున్నాను. సాయిబు తల ఊపాడు, ఐదేనన్నమాట, సరే అన్నట్టు. చెయ్యి తీసుకోబోయాడు. నేను వదల్లేదు. మళ్ళీ లాగాడు. వదల్లేదు. కణుపు మీద నొక్కాడు, ఐదున్నరా అని. నేను అలాగే పట్టుకుని ఉన్నాను. టీ కొట్టువాడు అడక్కుండానే రెండు గ్లాసులు తెచ్చి పెట్టి వెళ్ళాడు. అవి చల్లారిపోతున్నా నేను వదల్లేదు.

అప్పుడు వాడికి తెలిసింది. కాగితం మీద అంకె ఎందుకు లేదో తెలిసింది. వాడు ఏటా నా వేలు మడిచింది దేనికోసమో నాకెంత గుర్తో వాడికీ అంతే గుర్తు. తలొంచుకుని కాసేపు ఒళ్ళోని తువ్వాలు వంక చూశాడు.

తర్వాత నా చేతిని బిగించాడు.

అలవాటు కొద్దీ, ఎవరో పిలుస్తున్నారని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. రోడ్డంతా ఖాళీగా ఉంది. వాడు ఇంకా బిగించే ఉన్నాడు.